క్రిస్టియన్ డాప్లరు

రైలుబండి కూతవేయుచు స్టేషనును సమీపించునపుడు ఆ ధ్వని హెచ్చు శ్రుతిలోను, మనలను దాటిపోయిన తోడనే తగ్గు శ్రుతిలోను వినబడుట మన విద్యార్థులెల్లరు నెఱిగినదే. డ్రైవరు కూతను మార్చుటలేదు. దీనికి కారణము కనుగొనిన పండితుడు క్రిస్టియన్ ఆండ్రియాస్ డాప్లరు. ఆయన పేరు నేడు ఆసుపత్రులలో ప్రతిదినమును వినబడుచున్నది గావున ఆయన చరిత్రమును సంగ్రహముగ నిచట వ్రాయుచున్నాము.

డాప్లరు 1803వ సంవత్సరము నవంబరు 29వ తేదీని, ఇప్పటి ఆస్ట్రియా దేశమునందలి సాల్జుబర్గు పట్టణమున జన్మించెను. వారిది రాతిపని చేయు కుటుంబము. బాలుడు దుర్బలుడగుటచే ఉలియు సుత్తియు పట్టజాలక చదువునకు మరలెను. వియన్నాలో గణితము నభ్యసించి, అచ్చటనే నాలుగేండ్లు సహాయోపాధ్యాయుడుగ నుండెను. పిమ్మట ఉద్యోగము దొరకక, నూలుమిల్లులో లెక్కలు వ్రాసి జీవించెను. తుదకు విసిగి 1835లో అమెరికాకు వలసపోదలచి సామానులను సహిత మమ్మివేసెను. అట్టి సమయమున ప్రాగు నగరమునందలి యొక పాఠశాలలో గణితోపాధ్యాయపదవి లభించుటచే ప్రయాణము మానుకొనెను.

1842 మే 25వ తేదీని ప్రాగులో నొక విద్వత్సభ యెదుట జంటనక్షత్రముల రంగులను గూర్చి ఆయన వ్యాసము చదివెను. శ్రోతలు బహు స్వల్పము. తరంగములను పుట్టించు వస్తువు మనవైపు వచ్చునపుడు అవి దగ్గరదగ్గరగా చేరుననియు, దూరముగ పోవునపుడు ఎడమగుననియు అందలి సారాంశము. ఇది సత్యమే. నక్షత్రముల రంగులకు ఇదియే కారణమని తలచుట మాత్రము పొరపాటు. గొప్పవారి పొరపాటులను దాచుట మాకిష్టము లేదు. 1845లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ బాకా నూదువారిని రైలుబండి నెక్కించి, స్వరజ్ఞానము గలవారిని పట్టాల ప్రక్క నిలిపి పరీక్షింపగా, ధ్వనివిషయమున సిద్ధాంతము నిలిచినది.

పరీక్షలు మిక్కిలి కఠినముగ నున్నవని శిష్యులు డాప్లరుపై ఫిర్యాదు చేసిరి. ఈ సంగతి మా విద్యార్థులకు చెప్పవచ్చునో లేదో! 1850లో ఆయన వియన్నా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాలయమున కధిపతి యయ్యెను. మెండలు అచ్చటనే చదివెను. అప్పటికే ఊపిరితిత్తులు చెడియుండెను. 1853 మార్చి 17వ తేదీని వెనిసు నగరమున, నలుబదితొమ్మిదవ యేట మరణించెను.

సుమారు నూఱేండ్లకు, 1950వ దశకమున, జపానులో సతోమురా యను నాయన ఈ సూత్రమును హృదయపరీక్షకు వినియోగించెను. చెవికి వినబడనంత హెచ్చు శ్రుతిగల ధ్వనిని శరీరములోనికి పంపినచో, పరుగిడు రక్తకణములకు దగిలి మరలివచ్చు ప్రతిధ్వని శ్రుతి మారియుండును. ఆ మార్పునుబట్టి రక్తవేగము తెలియును. మెదడునకు రక్తము గొనిపోవు మెడ ధమనులలో క్రొవ్వు పేరుకొని దారి యిరుకైనచో, గొట్టము మూతిని వ్రేలితో నొక్కినపుడు నీటిధారవలె, అచ్చట రక్తము వడిగా పాఱును. వేగము సెకనునకు 230 సెంటీమీటర్లను మించినచో దారి నూటికి 70 పాళ్లయినను మూసికొనిపోయినదని వైద్యు లెంచెదరు. అయితే ఇరుకు కొలుచుట యొక్కటియే చాలదు. సున్నము పట్టి గట్టిపడిన పేరుడు చిత్రమున తెల్లగాను, మెత్తని క్రొవ్వు నల్లగాను కనబడును. పలుచని పొరక్రింద నున్న ఈ మెత్తని క్రొవ్వే యెక్కువ ప్రమాదకరము. పొర చిట్లినచో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు కొట్టుకొనిపోయి పక్షవాతము గలుగును.

ఈ పరీక్షకు కత్తిగాటు లేదు, సూది లేదు. యంత్రమునుండి సుయ్యి సుయ్యి మని వచ్చు తన రక్తపు చప్పుడును రోగియు వినవచ్చును.