ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు, హైదరాబాదు వైద్య పాఠశాలకు ప్రధానాచార్యుడు. క్లోరోఫారంతో మత్తు ఇచ్చే సమయంలో రోగి నాడిని గమనించాలా, శ్వాసను గమనించాలా అన్న ప్రశ్నపై 1888, 1889 సంవత్సరాలలో ఈయన చొరవతో జరిగిన పరిశోధనలు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లుగా వైద్య చరిత్రలో ప్రసిద్ధి పొందాయి. ఈయన చేరుకున్న ముఖ్య నిర్ణయం తప్పని తరువాతి కాలంలో తేలింది. అయితే మత్తులో ఉన్న రోగి శ్వాసను నిరంతరం కనిపెట్టి ఉండాలన్న ఈయన బోధ మాత్రం నేటికీ నిలిచి ఉంది.

విద్య

లారీ స్కాట్లాండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిక్షణ పొందాడు. మత్తు ఇచ్చేటపుడు నాడిని పట్టుకొని కూర్చోవలసిన అవసరం లేదనీ, రోగి ఊపిరి సాఫీగా సాగుతున్నదా లేదా అన్నదే చూడాలనీ, నాలుక వెనక్కు జారి గొంతుకు అడ్డుపడితే దానిని ముందుకు లాగాలనీ సైమ్ బోధించేవాడు. గురువు నేర్పిన ఈ పద్ధతిని లారీ జీవితాంతం విడిచిపెట్టలేదు. ఆయన భారత వైద్య సేవలో చేరి ఈ దేశానికి వచ్చాడు.

హైదరాబాదులో

1885లో లారీ హైదరాబాదు రెసిడెన్సీ వైద్యునిగా నియమితుడయ్యాడు. నేటి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలకు దక్షిణాన, కోఠీలో ఉన్న బ్రిటిషు రెసిడెన్సీ అప్పట్లో సంస్థానంలోని ఆంగ్ల వైద్యానికి ముఖ్య కేంద్రం. 1846లో స్థాపించబడిన హైదరాబాదు వైద్య పాఠశాల కూడా రెసిడెన్సీ ఆశ్రయంలోనే మొదలైంది. ఈ పాఠశాలయే కాలక్రమంలో ఉస్మానియా వైద్య కళాశాలగా మారింది. మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో విద్యార్థులు రోగుల వద్ద నేర్చుకునేవారు. ఈ ఆసుపత్రి 1908 నాటి మూసీ వరదలలో దెబ్బతిన్నది.

అంతవరకు ఉర్దూలో సాగిన వైద్యబోధన లారీ కాలంలో ఆంగ్లంలోకి మారింది. ఆయన స్త్రీలకు కూడా పాఠశాలలో ప్రవేశం కల్పించాడు. 1885లో చేరిన విద్యార్థినులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో వైద్య పట్టా పొంది, నగరంలోని ఆసుపత్రులలో క్లోరోఫారం ఇచ్చే బాధ్యతను నిర్వహించింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా ఆమె గుర్తింపు పొందింది.

వివాదానికి నేపథ్యం

1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన 15 సంవత్సరాల బాలిక ఈ మత్తులో మరణించింది. అటువంటి మరణాలు అరుదైనప్పటికీ ఆరోగ్యవంతులకు సైతం, చిన్నపాటి చికిత్సల సమయంలో, మత్తు పూర్తిగా ఎక్కకముందే సంభవించేవి. దీనితో రోగిని ఏ విధంగా పరీక్షిస్తూ ఉండాలన్నది ప్రాణసమస్యగా మారింది.

లండనుకు చెందిన జాన్ స్నో ఈ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, గాఢమైన ఆవిరి ఒక్కసారిగా లోనికి పోయినపుడు గుండె ఆగిపోతున్నదని 1858లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఆయన తరువాత వచ్చిన జోసెఫ్ క్లోవర్ మత్తు ఇస్తున్నంతసేపూ రోగి నాడిపై వేలు ఉంచేవాడు. ఎడింబరో వైద్యులు ఇందుకు అంగీకరించలేదు. ముందుగా ఆగేది శ్వాసయేనని, గుండె ఆ తరువాతనే ఆగుతుందని వారి వాదన.

మొదటి కమిషన్

ఈ వివాదాన్ని ప్రయోగాల ద్వారా తేల్చాలని లారీ సంకల్పించాడు. 1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో మొదటి కమిషన్ ఏర్పడింది. నూరుకు పైగా కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి చూడగా ప్రతిసారీ శ్వాసయే ముందుగా ఆగిందని కమిషన్ ప్రకటించింది. శ్వాసను గమనిస్తూ ఉంటే క్లోరోఫారం వలన ఏ ప్రమాదమూ లేదని లారీ ప్రకటించాడు. లండను నుండి వెలువడే లాన్సెట్ పత్రిక ఈ నిర్ణయాన్ని సందేహించింది. గుండె ఆగి మరణించిన రోగులను అక్కడి వైద్యులు కళ్ళారా చూసి ఉన్నారు.

రెండవ కమిషన్

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి, లాన్సెట్ తన ప్రతినిధిగా ఒక నిపుణుని పంపవలసిందిగా కోరాడు. ఆ పత్రిక ఔషధ శాస్త్రజ్ఞుడైన లాడర్ బ్రంటన్‌ను పంపింది. గుండె ముందుగా ఆగవచ్చని బ్రంటన్ అంతకుముందు నమ్మేవాడు. 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు జరిగిన ప్రయోగాలకు లారీ అధ్యక్షత వహించగా, బ్రంటన్‌తో పాటు జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులుగా పనిచేశారు. కుక్కలు, కోతులు మొదలైన 400కు పైగా జంతువులను ఉపయోగించారు. ఈసారి రక్తపోటును కాగితంపై గీతగా నమోదు చేసే పరికరాన్ని కూడా వినియోగించారు.

ఫలితం మారలేదు. బ్రంటన్ సైతం తన పూర్వాభిప్రాయాన్ని మార్చుకున్నాడు. నివేదికను 1890లో లాన్సెట్ వరుసగా ప్రచురించగా, 1891లో అది బొంబాయిలో పుస్తకంగా అచ్చయింది. ఒక భారతీయ సంస్థానంలో జరిగిన వైద్య పరిశోధన ఐరోపాలో ఇంతగా చర్చకు రావడం ఆనాటికి అరుదైన విషయం.

నిర్ణయంలోని లోపం

1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు క్లోరోఫారం గుండెపై కూడా నేరుగా పనిచేస్తుందని తమ ప్రయోగాలతో చూపారు. లారీ దీనిని అంగీకరించలేదు. అసలు కారణం 1911లో వెల్లడైంది. తేలికపాటి మత్తులో ఉన్న పిల్లుల గుండె కింది గదులు హఠాత్తుగా లయ తప్పి వణకడం ప్రారంభించి, రక్తాన్ని నెట్టలేక ఆగిపోతాయని గుడ్‌మన్ లెవీ కనుగొన్నాడు. దీనినే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. భయం, పెనుగులాట వలన శరీరంలో ఎడ్రినలిన్ పెరిగినపుడు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఆరోగ్యవంతులు మత్తు ఆరంభంలోనే ఎందుకు మరణిస్తున్నారో దీనితో అర్థమైంది.

లారీ ప్రయోగాలు చూసినవి అబద్ధం కావు. మోతాదు క్రమంగా పెరిగినపుడు శ్వాస ముందుగా ఆగడం సహజమే. అయితే కొన్ని వేలమంది రోగులలో ఒకరికి సంభవించే మరణం కొన్ని వందల జంతువులలో కనబడనంత మాత్రాన అది లేనే లేదని చెప్పడానికి వీలులేదు. నాడిని గమనించడం అనవసరమనీ, అది దృష్టిని శ్వాస నుండి మళ్ళించి హాని చేస్తుందనీ అనడం లారీ చేసిన పొరపాటు. స్నో హెచ్చరిక అప్పటికే 30 సంవత్సరాలుగా అచ్చులో ఉంది.

లారీ పట్టుదల మరొక విషయంలో కూడా కనబడుతుంది. లావెరాన్ 1880లో కనుగొన్న మలేరియా పరాన్నజీవిని ఆయన నమ్మలేదు. అదే నగరానికి చేరువలో, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవిని దోమ కడుపులో గుర్తించాడు.

లారీ 1901లో పదవీ విరమణ చేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. 1915లో మరణించాడు.

నేటి దృష్టిలో

ప్రమాదకరమైనందున క్లోరోఫారం 20వ శతాబ్దం మధ్యకాలానికి శస్త్రచికిత్సల నుండి దాదాపుగా తొలగిపోయింది. ఈనాడు మత్తులో ఉన్న రోగికి నాడి, శ్వాస, రక్తపోటు, గుండె విద్యుత్ రేఖ, రక్తంలోని ఆక్సిజన్ అన్నింటినీ ఒకేసారి గమనిస్తారు. లండను, ఎడింబరో వాదాలు రెండూ ఇందులో కలిసిపోయాయి.

నర్సింగు విద్యార్థులు మొదట నేర్చుకునే జీవసూచికల పరీక్షలో కూడా ఇదే పద్ధతి ఉంది. ముందుగా మణికట్టు వద్ద నాడిని లెక్కిస్తారు. విశ్రాంతిలో ఉన్న పెద్దవారిలో ఇది సాధారణంగా నిమిషానికి 60 నుండి 100 వరకు ఉంటుంది. అంకెతో పాటు లయ సమంగా ఉన్నదా, నాడి బలంగా తగులుతున్నదా అన్నవి కూడా రాసుకుంటారు. తరువాత వేళ్ళను మణికట్టు నుండి తీయకుండానే, రోగికి చెప్పకుండా, ఛాతీ కదలికలను చూస్తూ శ్వాసను లెక్కిస్తారు. పెద్దవారిలో ఇది నిమిషానికి 12 నుండి 20 వరకు ఉంటుంది. తన ఊపిరిని లెక్కిస్తున్నారని తెలిస్తే రోగి తెలియకుండానే దానిని మార్చుకుంటాడు కనుక ఈ జాగ్రత్త తీసుకుంటారు. శ్వాస క్రమం తప్పినట్లు కనబడితే పూర్తిగా ఒక నిమిషంపాటు లెక్కించాలి. పనిభారం ఎక్కువైన వార్డులలో అన్నింటికంటే తరచుగా వదిలివేయబడేది శ్వాస లెక్కయే. దానిని ఎన్నడూ విస్మరించరాదని లారీ చేసిన బోధకు అందువలన నేటికీ విలువ ఉన్నది.