తీగకు ఆయువు పోసిన మాండలిన్ శ్రీనివాస్

వాద్యాలకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు మరొకటి కావచ్చును. అఫ్ఘనిస్తానపు రబాబు హిందూస్థానానికి వచ్చి సరోద్‌గా రూపుదాల్చినది. ఐరోపా వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు చేపట్టి కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినారు. ఆ వయొలిన్‌నే మన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు తెలుగువారి సొంత సొత్తు అనిపించినారు. పరాయి వాద్యాన్ని మన గళంతో పలికించిన ఆ మహనీయుల వరుసలో నిలువదగిన తెలుగు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్. ఆయన కన్నుమూసి పుష్కరకాలం కావచ్చినది. ఆయన జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకొనుటకు మాకు ఒక ప్రత్యేక కారణం కలదు.

సికింద్రాబాదులో గిటారు కొత్త వస్తువు కాదు. కంటోన్మెంటు ఏర్పడిన నాటి నుండి పాశ్చాత్య సంగీతం ఈ ఊరి చెవికి పరిచయమే. అయితే నేటి విద్యార్థుల్లో కొందరికి కేవలం పాటకు తాళం వేసే గిటారు చాలదు. ఒక్క స్వరాన్ని మీటితే అది పొగమంచు వలె వ్యాపించి, ప్రతిధ్వనులతో నిండి, చాలసేపు నిలువవలెనని వారి కోరిక. ఆంబియెంట్ అనియు, ఇండీ రాక్ అనియు వారు పిలుచుకొనే సంగీతానికి ఆ దీర్ఘనాదమే ప్రాణం. అందుకొరకు ఏ ఎలక్ట్రిక్ గిటారు కొనవలెనని వారు అడుగుచుందురు. ధరల పట్టిక, కంపెనీల పేర్లు దుకాణంలోనే దొరుకును. ఎన్నుకొనే బుద్ధి మాత్రం అచట దొరకదు. అది శ్రీనివాస్ జీవితంలో దొరుకునని మా నమ్మకం.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినారు. పంచారామాలలో ఒకటైన క్షీరారామం వెలసిన ఊరు అది. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాద్యకారులు. ఇంట మాండలిన్ కూడ ఉండెడిది. ఆరేళ్ల వయసులో బాలుడు దానిని చేతికి తీసుకొన్నాడు. పసివాని వేళ్లలోని పదును తండ్రి గమనించి, తానే తొలి పాఠాలు నేర్పి, పిదప తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించినారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. వారు గాత్రజ్ఞులే కాని మాండలిన్ వాయించుట వారికి రాదు.

ఈ చిన్న విషయమే మన కథకు మూలస్తంభం. గురువు పాడెడివారు, శిష్యుడు విన్నదానిని తీగపై వెదకెడివాడు. వ్రేలు ఎక్కడ పెట్టవలెనో, తీగను ఎంత లాగవలెనో చెప్పువారు లేరు. గొంతులో స్వరం ఊగితే తీగపై ఊగవలెను. గొంతులో స్వరం జారితే తీగపై జారవలెను. మాండలిన్ పాఠాలు నేర్చినవాడు మాండలిన్‌కు ఏది వీలగునో అదే నేర్చుకొనును. ఈ బాలుడు దానికి ఏది వీలుకాదో అది కూడ కోరుటకు అలవాటు పడినాడు.

ఆ వీలుకానిది ఏమిటో కొంచెం వివరింతుము. మాండలిన్ ఇటలీలో పెరిగిన వాద్యం. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. మీటబడే తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు మాత్రమే. బిగువు మిక్కిలి ఎక్కువ. మీటగానే టంగుమని మ్రోగి, అంతలోనే నాదం ఆరిపోవును. అందుచేతనే పాశ్చాత్యులు ఒక స్వరాన్ని నిలుపవలసి వచ్చినపుడు మీటుపై మీటు వేగంగా వేయుచు దానిని వణికించెదరు. మన సంగీతంలో స్వరం నిలిచియున్నపుడే గమకం సాధ్యం. వీణ మెట్లు మైనంపై ఎత్తుగా నిలుపబడును; తీగ పొడవైనది; దానిని మెట్టుపై ప్రక్కకు లాగి ఒకే మీటులో రెండు మూడు స్వరాలు పలికింపవచ్చును. మాండలిన్ జంట తీగలను అట్లు లాగబోతే రెండును సమంగా లొంగవు; ఒకటి ఒక శ్రుతిలో, రెండవది మరొక శ్రుతిలో పలికి అపశ్రుతి పుట్టును.

ఇది శ్రీనివాస్ ఒక్కరే ఎదుర్కొన్న చిక్కు కాదు. హిందీ చలనచిత్ర సంగీత దర్శకులు సజ్జాద్ హుసేన్ మాండలిన్‌పై రాగాలను పలికించి పండితుల మెప్పు పొందినారు. అది అపూర్వమైన హస్తసాధనకు దక్కిన ఫలం. శ్రీనివాస్ హస్తసాధనతో పాటు వాద్యాన్నే మార్చుటకు పూనుకొన్నారు. జంట తీగలను విడిచి ఒంటి తీగలను అమర్చుకొన్నారు. నాలుగింటికి ఐదవ తీగను చేర్చి స్వరవిస్తృతిని పెంచుకొన్నారు. అన్నింటికంటె ముఖ్యంగా ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎన్నుకొన్నారు.

విద్యుత్తు ఇందులో చేయు పని ఏమి? బోలుగా ఉన్న వాద్యంలో తీగ తన శక్తిని పలకకు ఇచ్చును. పలక దానిని గాలికి ఇచ్చును. ధ్వని పెద్దదగును గాని తీగ త్వరగా అలసిపోవును. గట్టి చెక్క దేహంగా గల వాద్యంలో తీగ శక్తి అంత సులభంగా చేయిజారదు. తీగ క్రింద అమర్చిన పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టు సన్నని రాగి తీగ చుట్ట ఉండును. లోహపు తీగ కంపించినపుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయర్ దానిని పెంచి వినిపించును. మెల్లగా ఆరిపోవుచున్న నాదపు చివరి కొస కూడ శ్రోత చెవికి చేరును. గమకానికి కావలసిన కాలం అట్లు లభించినది. శ్రీనివాస్ విద్యుత్తును ఆర్భాటం కొరకు పిలువలేదు. గురువు గొంతులోని ఊపును తీగపై నిలుపుటకు పిలిచినారు.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ల బాలుడు తొలి కచ్చేరీ చేసినాడు. పాశ్చాత్య సంగీతంతో ఆయనకు పరిచయం కలిగించినవారు గిటారు విద్వాంసులు వాసురావు గారు. పిదప కుటుంబం మద్రాసు చేరినది. 1981లో అచటి ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై ఆయన కచ్చేరీ జరిగినది. పన్నెండేళ్ల కుఱ్ఱవాడు, అందునా విదేశీ వాద్యం, అదియును కరెంటుతో పలికేది! పెద్దలకు సంశయం కలుగుట సహజమే. సినిమా వాద్యబృందంలో వినబడే వస్తువుకు త్యాగరాజ కృతిని మోయు శక్తి ఉండునా అని శంకించినవారు కలరు. వాదించి ఒప్పించు వయసు కాదది. వాయించి ఒప్పించినారు. రాగాలాపనలో స్వరం నిలిచి, ఊగి, జారినపుడు విన్నవారికి వాద్యం మరుగై గాత్రం మిగిలినది. నాటి నుండి ఇంటిపేరుకు బదులు మాండలిన్ అనునదే ఆయన పేరుకు ముందు చేరినది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, 1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవంలో ఆయన వాయించినారు. 1998లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించినది. తమ్ముడు రాజేష్‌ను కూడ అదే వాద్యంలో తీర్చిదిద్దినారు.

మా విద్యార్థుల ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా వచ్చు ఘట్టం 1995 నాటిది. ఆ సంవత్సరం పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ద్వారా శ్రీనివాస్, కెనడా దేశీయుడైన మైకేల్ బ్రూక్ కలసి డ్రీమ్ అను ఆల్బం వెలువరించినారు. ఈ బ్రూక్ ఆంబియెంట్ సంగీతంలో పేరుగన్న గిటారిస్టు. ఉర్దూ పాఠకులకు ఆయనను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ గళానికి నవీన ధ్వనులను జతచేసి 1990లో ముస్త్ ముస్త్ ఆల్బంను రూపొందించినవారు ఆయనే. గిటారు నాదం ఆరిపోవుట ఆయనను కూడ బాధించినది. 1980లలో ఆయన ఇన్ఫినిట్ గిటార్ అను సాధనాన్ని నిర్మించినారు. తీగ కంపనాన్ని పికప్ గ్రహించును. దానిని పెంచి అయస్కాంత శక్తిగా మరల ఆ తీగకే అందించుటచే తీగ ఆగక మ్రోగుచుండును. యూ టూ బృందపు గిటారిస్టు ఎడ్జ్ 1987 నాటి ప్రసిద్ధ గీతంలో ఈ సాధనాన్నే వాడినారు.

ఆలోచింపుడు: ఒకరు కెనడా వారు, ఒకరు పాలకొల్లు వారు. ఇద్దరి బాధ ఒక్కటే. తీగ త్వరగా మూగబోవుచున్నది. ఒకరు నిశ్చలమైన నాదసముద్రం కొరకును, మరొకరు కదలాడే గమకం కొరకును ఆ మూగతనంతో పోరాడినారు. ఇద్దరును మొదట తమకు కావలసిన నాదాన్ని మనసులో విన్నారు. పిదపనే సాధనాన్ని వెదకినారు, దొరకనిచోట మార్చుకొన్నారు.

అనంతరం జాన్ మెక్‌లాఫ్లిన్, ఉస్తాద్ జాకిర్ హుసేన్‌ల రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ సభ్యులైనారు. మెక్‌లాఫ్లిన్ కూడ 1970లలో తొలి శక్తి బృందం కొరకు మెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించిన గిటారును వాడినవారు. తీగను వీణవలె లాగుటకే ఆ ఏర్పాటు. అట్టివారి ప్రక్కన కూర్చుండి శ్రీనివాస్ చిన్న వాద్యంతో సమానంగా సంభాషించినారు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ మార్పిడి చికిత్స అనంతరం కలిగిన ఇబ్బందులతో ఆయన మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు మాత్రమే. ఆయన గురుతుల్యులుగా భావింపదగిన వయసు గల విద్వాంసులు ఎందరో ఆ వార్త విని దుఃఖించినారు. తొమ్మిదవ యేట వేదిక ఎక్కినందున ముప్పదియైదేళ్లకు పైబడిన కచ్చేరీ జీవితం దక్కినది గాని, పరిపక్వతలో రావలసిన మరి ముప్పది ఏండ్ల సంగీతం మనకు దక్కలేదు.

ఇక గిటారు మాట. శ్రీనివాస్ పద్ధతినే అనుసరింపుడు. మొదట మీకు కావలసిన నాదాన్ని గొంతుతో పాడి చూచుకొనుడు. దుకాణంలో గిటారును ఆంప్లిఫయర్‌కు తగిలించక మునుపే ఒక స్వరం మీటి అది ఎంతసేపు నిలుచునో వినుడు. ప్రతి మెట్టుపై మీటి చూడుడు. తీగను లాగి విడిచినపుడు శ్రుతి యథాస్థానానికి వచ్చుచున్నదో లేదో పరీక్షింపుడు. కంపనపు చేతికఱ్ఱ గల గిటారైతే ఈ పరీక్ష మరింత అవసరం. పిదప ఆంప్లిఫయర్‌కు తగిలించి, ఎఫెక్ట్‌లు ఏవియు లేకుండ వినుడు. రివర్బ్, డిలే వంటివి ఉన్న నాదాన్ని విస్తరింపజేయును గాని లేని నాదాన్ని పుట్టింపలేవు. ఒంటి చుట్ట పికప్‌లు తేటగా పలుకును; ప్రతిధ్వనులు ఒకదానిపై ఒకటి పేరుకొన్నపుడు ఆ తేటదనం అక్కరకు వచ్చును. వాటికి కరెంటు రొద అంటుకొనుట కద్దు. జంట చుట్టల హంబకర్ ఆ రొదను అణచి, దళసరిగా పలుకును. ఫజ్ వంటి బొంగురు ధ్వనులను ఇష్టపడువారికి అది అనుకూలం. 1954 నాటి స్ట్రాటోకాస్టర్, 1958 నాటి జాజ్‌మాస్టర్ మాదిరులలో తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, పికప్‌లు ఒంటి చుట్టవి. లెస్‌పాల్ మాదిరిలో తీగ కొంత పొట్టి. సాధారణంగా హంబకర్లు ఉండును. ఏది మేలని మేము తీర్పు చెప్పము. ఉన్న డబ్బంతయు గిటారుకే వెచ్చింపక, మంచి డిలేకు, ఆంప్లిఫయర్‌కు కొంత మిగుల్చుకొనుడని మాత్రం చెప్పుదుము.

కొన్న పిదప వాద్యాన్ని మీ చేతికి, మీ పాటకు అనుగుణంగా మలచుకొనుటకు జంకవలదు. ఎనిమిది తీగలతో వచ్చిన మాండలిన్‌ను ఐదు తీగలకు దింపుటకు పాలకొల్లు బిడ్డ జంకలేదు. తాను మీటిన తీగకు ఆయువు పోసి, తాను అల్పాయుష్కుడై వెడలినారు. ధ్వనిముద్రికలలో ఆ తీగ ఇంకను మ్రోగుచునే యున్నది. గిటారు కొనుటకు బయలుదేరుటకు ముందు ఒక పూట కూర్చుండి దానిని వినుడు.