దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (జూన్ 2, 1889 - జూన్ 10, 1928) సుప్రసిద్ధ స్వాతంత్ర్య సమర యోధుడు, వక్త, కవి, గాయకుడు, చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు. తెలుగునాట రేడియో ఇంకా అడుగుపెట్టని ఆ రోజులలో రాజకీయ వాదప్రతివాదాలకు బహిరంగసభయే ప్రధాన వేదిక. ఆ వేదికపై ప్రత్యర్థిని మాటతో ఎదుర్కొనడంలో ఇతడు గొప్ప పేరు గడించాడు. పాండిత్యము, హాస్యము, పాట, ఆశుకవిత కలగలసిన ఇతని ఉపన్యాసం వేలాది జనాన్ని కదిలించింది. మాట్లాడరాదన్న ప్రభుత్వ ఆజ్ఞను ధిక్కరించినందుకే ఇతడు జైలుపాలయ్యాడు.

బాల్యము, విద్యాభ్యాసము

గోపాలకృష్ణయ్య కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పసితనంలోనే తల్లిని, ఆ తరువాత కొద్దికాలానికే తండ్రిని కోల్పోయి, గుంటూరు ప్రాంతంలో పినతండ్రి, నాయనమ్మల పోషణలో పెరిగాడు. పాఠశాలలో చదువుతున్నప్పుడే జాతీయ నాట్యమండలిని స్థాపించి సంగీత, నాటక కార్యక్రమాలు నిర్వహించాడు. సభను ఆకట్టుకునే నేర్పు ఇతనికి ఈ రంగస్థల అనుభవం నుండే అబ్బినదని చెప్పవచ్చును.

బాపట్ల తాలూకా కచేరీలో కొంతకాలం ఉద్యోగం చేసిన తరువాత, మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి 1911లో స్కాట్లండు వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందాడు. ఆ కాలంలోనే ప్రఖ్యాత కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామితో పరిచయం కలిగింది. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని వీరిద్దరూ కలిసి సంస్కృతం నుండి ఆంగ్లంలోకి అనువదించగా, 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రచురించింది. చేతి కదలికకు, కంటి చూపుకు గల అర్థాలను వివరించే ఈ గ్రంథాన్ని అనువదించిన వ్యక్తి తరువాత గొప్ప వక్తగా పేరు పొందడం విశేషం.

స్వదేశానికి తిరిగి వచ్చి రాజమండ్రిలోను, ఆపై బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను ఉపాధ్యాయునిగా పనిచేశాడు. అయితే ఒకరి ఆజ్ఞకు లోబడి పనిచేయడం ఇతని స్వభావానికి సరిపడలేదు. ఉద్యోగాలను వదలి చీరాలలో స్థిరపడి, ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పాడు.

వక్తృత్వము

ఆనాటి కాంగ్రెసు నాయకులలో చాలామంది న్యాయవాదులు. వారి ఉపన్యాసాలు న్యాయస్థానంలోని వాదనను తలపించేవి. గోపాలకృష్ణయ్య పద్ధతి వేరు. సంస్కృత శ్లోకం, తెలుగు పద్యం, జానపదుల నుడికారం, అధికారులపై ఎత్తిపొడుపు ఒకే ప్రసంగంలో ఇమిడిపోయేవి. ఎదుటివాని వాదాన్ని పట్టుకుని అప్పటికప్పుడు చాటుపద్యంగా మలచి తిప్పికొట్టేవాడు. చదువురానివారు కూడా ఆ పద్యాలను కంఠతా పట్టి ఊరూరా వ్యాపింపజేశారు. కనుక సభలో జరిగిన వాగ్వాదం సభతో ముగిసేది కాదు. ధ్వనివర్ధకం లేని కాలంలో గొంతు, జ్ఞాపకం, జనం నోరు - ఈ మూడే ప్రచార సాధనాలుగా పనిచేశాయి.

ఇతని వ్యంగ్యం స్వపక్షీయులను కూడా వదలలేదు. అందువలన ఆదరించినవారు ఎందరో, నొచ్చుకున్నవారూ అందరే. జానపద కళలపై ఇతనికి గల అభిమానం కూడా ఇదే దృష్టి నుండి పుట్టినది. తోలుబొమ్మలాట, వీధి భాగవతం, పగటి వేషాలు, కోలాటం వంటివి సామాన్యునితో నేరుగా మాట్లాడే సాధనాలని ఇతడు గుర్తించి ప్రోత్సహించాడు. సాధన అనే పత్రికను కూడా నడిపాడు.

చీరాల-పేరాల ఉద్యమము

ఆ కాలంలో కృష్ణ ఒడ్డున ఉన్న తాడేపల్లితో పాటు దక్షిణాన ఉన్న చీరాల తీరం కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. నేత పనివారు అధికంగా గల చీరాల, పేరాల గ్రామాల జనాభా సుమారు 15,000. ప్రభుత్వం 1919-20 ప్రాంతంలో వీటిని కలిపి మునిసిపాలిటీగా మార్చింది. దానితో ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 రూపాయలకు పెరిగింది. పారిశుద్ధ్యము, రోడ్లు మెరుగుపడాలంటే మునిసిపాలిటీ తప్పదని ప్రభుత్వ వాదన. మగ్గం మీద బ్రతికే కుటుంబాలు అంత భారం మోయలేవని, తాము కోరని సౌకర్యానికి తమ చేత డబ్బు కట్టించరాదని ప్రజల వాదన. అప్పుడు మద్రాసు ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన శాఖకు జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్లు రాజా మంత్రిగా ఉన్నాడు. అర్జీలు ఫలించలేదు.

గోపాలకృష్ణయ్య ఈ వివాదాన్ని కచేరీల నుండి వీధిలోకి తెచ్చాడు. పురపాలక సభ్యులు రాజీనామా చేశారు. పన్ను చెల్లించనందుకు పన్నెండుమందికి జైలుశిక్ష పడింది. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉన్నది.

కార్యకర్తలను కూర్చి ఇతడు రామదండు అనే దళాన్ని ఏర్పాటు చేశాడు. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షమాలలు ధరించిన ఈ దళం 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు వచ్చిన జనసందోహాన్ని అదుపులో ఉంచి మెప్పు పొందింది. ఆ తరువాత గాంధీ చీరాల వచ్చాడు. అహింసాయుతంగా పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం, లేదా ఊరు విడిచి పోవడం అనే రెండు మార్గాలను సూచించి, కాంగ్రెసు నుండి సహాయం ఆశించవద్దని స్పష్టం చేశాడు. గోపాలకృష్ణయ్య రెండవ మార్గాన్ని ఎంచుకున్నాడు.

1921 వేసవిలో సుమారు 13,000 మంది ఇళ్ళు, వాకిళ్ళు వదలి మునిసిపాలిటీ హద్దులు దాటి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ నివాసానికి రామనగరమని పేరు పెట్టారు. తగవులు తీర్చుకొనుటకు అక్కడే పంచాయతీ ఏర్పరచుకున్నారు. ఎండకు, వానకు ఓర్చుకుని పదకొండు నెలలు అక్కడే గడిపారు. వృద్ధులకు, పసిబిడ్డలకు, మగ్గాలు ఆగిన నేతగాళ్ళకు అది కఠిన పరీక్ష. అంతమందిని కట్టి ఉంచినది ప్రధానంగా నాయకుని మాటపై గల నమ్మకమే.

మాటపై నిషేధము, కారాగారము

రామనగరం నిర్వహణకు ధనం కావలసి వచ్చింది. ఆ ప్రయత్నంలో గోపాలకృష్ణయ్య గంజాం జిల్లా బరంపురం వెళ్ళాడు. అక్కడ ఉపన్యసించరాదని అధికారులు ఆజ్ఞ జారీ చేశారు. ఇతడు దానిని లెక్కచేయలేదు. ఫలితంగా ఒక సంవత్సరం జైలుశిక్ష విధించి తిరుచిరాపల్లి కారాగారానికి పంపారు.

నాయకుడు దూరమైన తరువాత రామనగరం ఎక్కువ కాలం నిలువలేదు. ధనం కరవైనది, నిర్బంధం పెరిగింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తరువాత గాంధీ సహాయ నిరాకరణను నిలిపివేయడంతో జిల్లాలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ వంటి ఉద్యమాలు కూడా చల్లారాయి. చీరాల ప్రజలు తిరిగి ఇళ్ళకు చేరుకున్నారు. మునిసిపాలిటీ నిలిచింది.

చరమ దశ

1921లో గుంటూరులో జరిగిన సభలో గోపాలకృష్ణయ్యకు ఆంధ్రరత్న బిరుదు లభించింది. జైలు నుండి విడుదలైన తరువాత కూడా గ్రంథాలయోద్యమంలోను, సాంస్కృతిక కార్యక్రమాలలోను పాల్గొన్నాడు. అయితే సంపాదనపై ఏనాడూ దృష్టి పెట్టనందున దారిద్ర్యం వెన్నంటింది. క్షయవ్యాధితో బాధపడుతూ 1928 జూన్ 10న, 39 సంవత్సరాల వయసులో మరణించాడు.

అంచనా

చీరాల-పేరాల ఉద్యమం తన తక్షణ లక్ష్యాన్ని సాధించలేదు. వేలాది పేద కుటుంబాలను అంతటి కష్టానికి గురిచేయడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ఒక్క వ్యక్తి వాక్కుపై అంతగా ఆధారపడిన ఉద్యమం, ఆ వ్యక్తిని నిర్బంధించగానే బలహీనపడటం దాని ప్రధాన లోపం. అయినను ఒక పట్టణ ప్రజలు దాదాపు ఏడాది కాలం అహింసతో ప్రభుత్వాన్ని ఎదిరించి నిలవడం స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో అరుదైన ఘట్టం. ఇతని వాగ్వాదాలు ఎంత ఘాటుగా ఉన్నను, వాటి వెనుక తీరవలసిన ప్రజాసమస్య ఒకటి ఉండేది. తన మాటకు మూల్యం చెల్లించవలసి వచ్చినపుడు ఇతడు వెనుదీయలేదు.

విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఇతని స్మారకంగా ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టారు.