స్టీరియో శబ్ద పితామహుడు అలాన్ బ్లమ్‌లీన్

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటున్నప్పుడు వయొలిన్ ఎడమ పక్క నుంచి, తబలా కుడి పక్క నుంచి, పాడేవారి గొంతు నడిమధ్య నుంచి వినిపిస్తాయి. దీన్నే స్టీరియో అంటారు. దీనికి బాట వేసిన మహనీయుడు ఇంగ్లండుకు చెందిన అలాన్ డోవర్ బ్లమ్‌లీన్.

ఆయన 1903 జూన్ 29న లండన్‌లో జన్మించారు. ఏడేళ్ల వయసులో ఇంట్లో కాలింగ్ బెల్ బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీర్ అని సంతకం పెట్టి తండ్రికి బిల్లు ఇచ్చారట! కానీ పన్నెండేళ్లు వచ్చేదాకా ఆయనకు సరిగా చదవడం రాలేదని సోదరి చెప్పేవారు. అప్పటికే లెక్కల్లో మాత్రం వర్గ సమీకరణాల దాకా వెళ్లిపోయారు. తరువాత సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి ప్రథమ శ్రేణిలో పట్టా పొందారు. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీలో చేరారు. 1931లో ఆ కంపెనీ, కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. కంపెనీ కలిసి ఈ.ఎం.ఐ.గా మారాయి.

ఆ ఏడాదే ఆయన కాబోయే భార్యతో కలిసి సినిమాకు వెళ్లారు. తెర మీద నటుడు ఒక పక్క ఉంటే మాట మరో చోటు నుంచి వస్తోంది. అందరూ సర్దుకుపోయి చూశారు. ఆయన మాత్రం ఆలోచించారు. ఎడమ పక్క పుట్టిన శబ్దం ఎడమ చెవికి కొంచెం ముందుగా, కొంచెం గట్టిగా చేరుతుంది. ఆ తేడాను బట్టే మెదడు దిక్కును పసిగడుతుంది. కాబట్టి రెండు మైకులతో పట్టి, రెండు స్పీకర్లలో వినిపించాలి. 1931 డిసెంబర్ 14న దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు.

అయితే రెండు శబ్దాలు ఒకే రికార్డులో ఎలా ఇముడుతాయి? రికార్డు మీద సన్నని గాడి చుట్లు తిరుగుతూ లోపలికి పోతుంది. పాత రికార్డుల్లో శబ్దాన్ని బట్టి ఆ గాడి అటూ ఇటూ వంపులు తిరిగి ఉండేది. ముల్లు ఆ వంపుల వెంట ఊగితే, ఆ ఊపు కరెంటుగా మారి స్పీకర్లో శబ్దమయ్యేది. బ్లమ్‌లీన్ గాడికి ఉన్న రెండు గోడలనూ వాడుకున్నారు. రెండూ 45 డిగ్రీల వాలుతో ఉంటాయి. ఒక గోడ మీద ఎడమ శబ్దం, రెండో గోడ మీద కుడి శబ్దం. ఆ రెండు గోడలు ఒకదానికొకటి లంబంగా ఉండటం వల్ల శబ్దాలు కలిసిపోవు. ముల్లు మాత్రం ఒక్కటే!

1934లో అబీ రోడ్ స్టూడియోలో మొజార్ట్ సింఫనీని ఇలా రికార్డు చేశారు. 1935లో హేస్ స్టేషన్‌లో రైళ్ల రాకపోకలను స్టీరియో శబ్దంతో ఫిల్మ్ తీశారు. కానీ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తేలేదు. ఆయన టెలివిజన్ పనిలో, యుద్ధం వచ్చాక రాడార్ పనిలో మునిగిపోయారు. 1942 జూన్ 7న విమానంలో కొత్త రాడార్‌ను పరీక్షిస్తుండగా ఇంజనుకు నిప్పంటుకుని విమానం కూలిపోయింది. ఆయనతో సహా 11 మంది చనిపోయారు. ఇంజనులో ఒక నట్టు సరిగా బిగించకపోవడమే కారణమని విచారణలో తేలింది. అప్పటికి ఆయన వయసు 38. యుద్ధ రహస్యం కావడంతో ఆ మరణవార్తను కూడా దాచిపెట్టారు.

1948లో అమెరికాలో వినైల్ ఎల్.పి. రికార్డు వచ్చింది. లక్కతో చేసిన పాత రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగితే ఇది 33 సార్లకు కాస్త ఎక్కువగా తిరిగేది. గరగర తగ్గింది, పాట నిడివి పెరిగింది. 1958 నాటికి స్టీరియో వినైల్ రికార్డులు దుకాణాలకు చేరాయి. వాటిలో ఉన్నది ఆ రెండు గోడల గాడే. అది చూడటానికి ఆయన లేరు. 128 పేటెంట్లు మిగిల్చి వెళ్లిన ఆయనకు 2017లో సాంకేతిక గ్రామీ పురస్కారం ప్రకటించారు.

తమ్ముళ్లూ! స్టడీ అవర్‌లో వాచకం గడగడా చదవలేని కుర్రవాడు మీ పక్కన కూర్చుంటే, మొద్దు అని నవ్వే ముందు బ్లమ్‌లీన్‌ను గుర్తు చేసుకోండి. అతని చేతికి ఒక లెక్క ఇచ్చి చూడండి.