పోకర్‌కు లెక్క చెప్పిన వాన్ న్యూమన్

గణిత మేధావి జాన్ వాన్ న్యూమన్ 1903 డిసెంబర్ 28న హంగరీ రాజధాని బుడాపెస్టులో జన్మించారు. ఇద్దరాడే ఆటలో ఒకరి లాభం రెండోవారి నష్టమైనప్పుడు, ఎదుటివారు ఎలా ఆడినా మన నష్టం హద్దు దాటని పద్ధతి ఉంటుందని 1928లో నిరూపించారు. తర్వాత అమెరికాలో స్థిరపడి, 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో పోకర్‌కు ఒక విభాగమే కేటాయించారు.

పేక బాగా పడినప్పుడే పందెం పెంచేవాడి గుట్టు ఎదుటివాడు ఇట్టే పసిగడతాడు. కనుక అప్పుడప్పుడు చెత్త ముక్కలతోనూ బుకాయించాలి. అలాగే ఎదుటివాడు దూకుడుగా పందెం పెంచిన ప్రతిసారీ తప్పుకుంటే అతడి బుకాయింపే గెలుస్తుంది. మధ్యరకం ముక్కలతోనూ తగినన్నిసార్లు నిలబడాలి. ఎన్నిసార్లన్నది లెక్కే చెబుతుంది.

క్యాన్సర్‌తో 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టన్‌లో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. దూకుడుకు లెక్కతో ఎదురు నిలవవచ్చని చూపిన ఆయన చిరస్మరణీయులు.