సీసపు ధూళి - మిడ్జ్‌లీ జీవితము

ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేటలను కలుపు రాజమార్గమున సాయంవేళ నడచువారికి ధూళి క్రొత్త గాదు. అందు కంటికి గానరాని లోహము లెట్లు చేరునో యెరుగగోరువారు థామస్ మిడ్జ్‌లీ చరిత్రము తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

మిడ్జ్‌లీ 1889లో అమెరికాయందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. ఇంజనీరై, జనరల్ మోటార్సు వారి పరిశోధనలయందు ప్రవేశించెను. ఆనాటి మోటారు యంత్రములలో పెట్రోలు అకాలమున మండి, యంత్రము దడదడ కొట్టుకొనుచుండెను. ఎన్నియో ద్రవ్యములను పరీక్షించి, టెట్రాఇథైల్ సీసము ఆ దోషమును మాన్పునని యాతడు 1921 డిసెంబరులో కనుగొనెను. ఆల్కహాలును ఆ పనికి వచ్చునని యాత డెరుగును. కాని పేటెంటు లాభము సీసమునందే యుండెను.

1923లో నది ఈథైల్ అను పేర విక్రయమునకు వచ్చెను. సీసమను మాట యా పేరున లేదు. ఆ యేడే మిడ్జ్‌లీ సీసవిషముచే బాధపడి సెలవు గైకొనెను. 1924 అక్టోబరున న్యూజెర్సీ కర్మాగారమున దానిని తయారుచేయుచుండిన కార్మికు లైదుగురు మతిచలించి మరణించిరి. అంతట నాతడు విలేఖరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని యావిరిని పీల్చి, భయము లేదని చూపెను. తన శరీర మెరిగిన సత్యమును తానే మరుగుపరచెను.

పిమ్మట గౌరవములు వచ్చెను. 1941లో ప్రీస్ట్‌లీ పతకమును, 1944లో అమెరికా రసాయనశాస్త్ర సంఘాధ్యక్షతయు లభించెను. 1940లో పోలియోచే కాళ్లు పడిపోగా, పడకనుండి లేచుటకు తాళ్లతో, కప్పీలతో నొక సాధనమును కల్పించుకొనెను. 1944 నవంబరు 2న ఆ తాళ్లలోనే చిక్కి, ఊపిరాడక, 55వ యేట గతించెను. భస్మాసురుని హస్తము తన తలమీదనే పడెను. మిడ్జ్‌లీ హస్తము లోకమందలి బిడ్డల తలలమీద గూడ పడెను. సీసము పసివారి బుద్ధిని మందగింపజేయునని తరువాత రుజువయ్యెను.

భారతదేశము 2000 ఫిబ్రవరి 1న సీసపు పెట్రోలును మానినది. 2021లో అల్జీరియా సైతము మానుటతో మోటారు బండ్లకు దాని వాడుక లోకమున ముగిసెను. అయినను సీసము కుళ్లి నశించునది గాదు. పడిన మట్టిలో చిరకాలము నిలుచును. నేడు టైర్ల యరుగుదలచే జింకు, బ్రేకుల యరుగుదలచే రాగి దానికి తోడగుచున్నవి. వానకు కొట్టుకొనిపోవు ధూళి పల్లమునకే, అనగా చెరువులకే చేరును.

కావున నగరపాలక సంస్థ బడుల చెంతను, బాటల ప్రక్కను గల మట్టిని పరీక్షింపజేసి, ఫలితములను బహిరంగముగ ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఊరనే యుండగా నిది కష్టము గాదు. గృహస్థులు దుమ్ము రేగకుండ నీరు చల్లి వాకిళ్లు ఊడ్పించుట, రైతులు పెద్దబాట యంచున ఆకుకూరలు వేయకుండుట యుచితము. తెలిసినదానిని దాచుట మిడ్జ్‌లీ దోషము. తెలిసికొనుటకు వెనుదీయుట మన దోషము గారాదు.