వాచికాభినయ ధురీణ కన్నాంబ

చతుర్విధాభినయాలలో వాచికానికి తెలుగు చలనచిత్రంలో గౌరవస్థానం సంపాదించిన తొలితరం నటీమణులలో పసుపులేటి కన్నాంబ అగ్రగణ్య. 20వ శతాబ్ది రెండవ దశకారంభంలో కడపలో జన్మించిన ఆమె పౌరాణిక నాటకాలలో ఆరితేరి, 1935లో ‘హరిశ్చంద్ర’ చిత్రంలో చంద్రమతిగా తెరకెక్కారు. 1936లో ద్రౌపదిగా, 1938లో ‘గృహలక్ష్మి’లో ఇల్లాలిగా, 1947లో ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మగా నటించారు. భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరీ సంస్థ పక్షాన చిత్రాలు నిర్మించారు.

ఆమె ప్రతిభకు గీటురాయి 1942 నాటి తమిళచిత్రం ‘కణ్ణగి’. శిలప్పదికార నాయిక తమిళులకు ఆరాధ్య. ఆ పాత్రను ధరించిన కన్నాంబకు తమిళం మాతృభాష కాదు. అయినను పాండ్యుని కొలువులో న్యాయమడిగిన ఆ కంఠాన్ని తమిళులు తమదిగానే స్వీకరించారు. 1954లో ‘మనోహర’లో రాజమాతగా ఆమె పలికిన సంభాషణలూ అట్లే ప్రసిద్ధికెక్కాయి.

రంగస్థలంనుండి తెచ్చుకొన్న ఉచ్చస్వరం తెరకు అధికమని తోచవచ్చును. కాని అక్షరస్పష్టత, ఊనిక, విరామజ్ఞానం పరభాషలోనూ చెడకుండుట కేవల కంఠబలంవల్ల సాధ్యం కాదు, అది శిక్షణాఫలం. 1964 మే 7న ఆమె కీర్తిశేషులయ్యారు. ఆంధ్ర నాటకరంగపు ఉచ్చారణ సంప్రదాయాన్ని పరిశీలింపదలచినవారికి ఆమె చిత్రాలు వినదగిన ఆధారాలు.